సైకాలజీ చదవాలనుకుంటున్నారా? ముందు రిజిస్ట్రేషన్ సంగతి, తర్వాతే కాలేజీ సంగతి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో "నేను సైకాలజీ తీసుకుంటా" అనే పిల్లలు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అది చదివితే ఏమవుతావు?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఎందుకంటే బీఏ సైకాలజీ చేసినంత మాత్రాన సైకాలజిస్టులు అయిపోరు. ఎంఏ చేసినా క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికి రిజిస్ట్రేషన్ అనే ఇంకో మెట్టు మిగిలే ఉంటుంది. ఆ మెట్టు సంగతి ఎంఏ రెండో ఏడాదిలో తెలిసి తల పట్టుకునేవాళ్లు చాలామంది. అందుకే ఇక్కడ దారిని చివరి నుంచి మొదటికి చెబుతాను. కాలేజీ పేరు తర్వాత వెతుక్కోవచ్చు.

1. ఏ పని చేయాలనుందో ముందు తేల్చుకోండి

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఒకరే అన్న అపోహ ఉంటే ఇప్పుడే వదిలించుకోండి. మందులు రాయాలంటే బైపీసీ, నీట్, ఎంబీబీఎస్, ఆపైన ఎండీ సైకియాట్రీ. అది డాక్టర్ల దారి. సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలతో సమస్యను అంచనా వేస్తారు, మాటల ద్వారా, అలవాట్లు మార్చే పద్ధతుల ద్వారా చికిత్స చేస్తారు. హెచ్ఈసీ, సీఈసీ, ఎంపీసీ, ఏ గ్రూపు నుంచైనా ఈ వైపు రావచ్చు.

సైకాలజీ చదివినవాళ్లు వెళ్లే చోట్లు స్థూలంగా ఇవి: ఆసుపత్రిలో రోగులతో పనిచేసే క్లినికల్ రంగం; బడులు, కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు, హెల్ప్‌లైన్లలో కౌన్సెలింగ్; ప్రత్యేక అవసరాలున్న పిల్లల పునరావాసం; కంపెనీల్లో మానవ వనరుల విభాగం, వినియోగదారుల పరిశోధన; ఇక పరిశోధన, బోధన. ఒక కాగితం మీద ఈ ఐదూ రాసి, మీకు పడని రెండింటిని కొట్టేయండి. రోజంతా ఎదుటివాళ్ల బాధ వింటూ కూర్చోవడం మీవల్ల కాదనిపిస్తే క్లినికల్ కొట్టేయడంలో తప్పేమీ లేదు, మిగతావి తక్కువ దారులేం కావు. "అందరూ నాతో కష్టసుఖాలు చెప్పుకుంటారు, కాబట్టి నేను సైకాలజిస్టును కావాలి" అన్న కారణం ఒక్కటే మీ దగ్గర ఉంటే మాత్రం ఇంకాస్త ఆలోచించండి. స్నేహితుల కష్టాలు వినడం వేరు, వారానికి ముప్పై మంది అపరిచితుల కష్టాలు విని, ప్రతిదానికీ కేసు నోట్స్ రాసి, మర్నాడు మళ్లీ అదే కుర్చీలో కూర్చోవడం వేరు.

2. చట్టం ఏమంటోందో చదవండి

ఇది విసుగు పుట్టించే భాగమే, కానీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ. 1992 నాటి చట్టంతో చట్టబద్ధత పొందిన సంస్థ. అది గుర్తించిన కోర్సును, అది గుర్తించిన సంస్థలో చదివితేనే కేంద్ర రిజిస్టరులో మీ పేరు ఎక్కుతుంది, నంబరు వస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు ఎవరన్నది ఈ గుర్తింపును పట్టుకునే నిర్వచించింది.

చాలా ఏళ్లపాటు దీనికి రాజమార్గం ఒకటే. ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ, ఆ తర్వాత ఆసుపత్రిలో ఉండి చేసే రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, ఢిల్లీ ఇహ్‌బాస్ లాంటి మానసిక వైద్య సంస్థల్లో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఈలోగా 2022లో విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చి ఎంఫిల్ డిగ్రీనే ఎత్తేసింది. ఆసుపత్రుల నుంచి అభ్యంతరాలు రావడంతో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు ప్రవేశాలకు అనుమతిచ్చింది. మరోపక్క ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెచ్చింది: నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ, సై.డి. అనే వృత్తి డాక్టరేటు.

అంటే మీ సీనియర్లు నడిచిన దారి మీకు అదే రూపంలో ఉండకపోవచ్చు. పాత యూట్యూబ్ వీడియోలు, మూడేళ్ల కిందటి సలహాలు నమ్మకండి. చేయాల్సిందిది: ఆర్‌సీఐ వెబ్‌సైటులో గుర్తింపు పొందిన సంస్థల జాబితా తెరవండి. మీరు చేరబోయే సంస్థ పేరు, కోర్సు పేరు, ఏ విద్యాసంవత్సరం వరకు గుర్తింపు ఉందన్నది, మూడూ సరిపోలాలి. కోర్సు పేరులో ఒక్క మాట తేడా ఉన్నా ఆగండి. "ఎంఎస్సీ క్లినికల్ సైకాలజీ" అని బోర్డు పెట్టినంత మాత్రాన ఆర్‌సీఐ గుర్తింపు ఉన్నట్టు కాదు; ప్రైవేటు విశ్వవిద్యాలయాల బ్రోచర్లలో ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఆ కోర్సు పూర్తయ్యాక ఏ హోదాలో రిజిస్టర్ చేస్తారో కూడా అడగండి. కోర్సును బట్టి అది మారుతుంది.

క్లినికల్ కాని సైకాలజిస్టులు, కౌన్సెలర్లు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. ఈ చట్టం పేరు చెప్పే 2025లో యూజీసీ ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ఆ ఏడాది జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నేర్పకూడదంది. ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నోలో ఎంఏ సైకాలజీ చేద్దామనుకున్న మన గృహిణులు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరికో ఇది పెద్ద దెబ్బ. కాబట్టి ఇప్పుడు కొత్తగా "దూరవిద్యలో ఎంఏ సైకాలజీ, ఇంట్లో కూర్చునే డిగ్రీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం డబ్బు కట్టకండి.

3. డిగ్రీ కాలేజీ ఎంచుకోవడం

తెలంగాణలో ప్రభుత్వ, ప్రైవేటు డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారానే భర్తీ అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాలు జరుపుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకైతే సీయూఈటీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరొచ్చు, ఫీజు తక్కువ, గ్రంథాలయం బాగుంటుంది. మన రాష్ట్రాల పిల్లలు దీన్ని ఇంతగా పట్టించుకోకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. సీయూఈటీ దరఖాస్తు మన ఇంటర్ పరీక్షల హడావుడిలో పడుతుంది, గడువు దాటిపోయాక తెలుస్తుంది. కాబట్టి జనవరి నుంచే కన్నేసి ఉంచండి.

మామూలు డిగ్రీ కాలేజీల్లో సైకాలజీ ఎక్కువగా ఇంకో రెండు సబ్జెక్టులతో కలిసి వస్తుంది. హైదరాబాద్‌లో బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల లాంటి కొన్నింటికి ఈ సబ్జెక్టులో చాలాకాలంగా పేరుంది. మీ ఊళ్లో ఉన్నది చేరదగ్గ కాలేజీయో కాదో తెలియాలంటే ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవడం కన్నా డిపార్టుమెంటుకు వెళ్లి మూడు విషయాలు కనుక్కోండి. సైకాలజీలో పీజీ చేసిన లెక్చరర్ ఎంతమంది? ప్రయోగశాల చూపిస్తారా? పోయినేడాది పాసైనవాళ్లలో ఇద్దరి నంబర్లు ఇస్తారా? ప్రయోగశాల తాళం తీయడానికి పది నిమిషాలు వెతికితే మీకు జవాబు దొరికినట్టే.

చేరే ముందు వేసవిలో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల సైకాలజీ పుస్తకాలు చదవండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన ఇంటర్‌లో ఈ సబ్జెక్టు దాదాపు ఎవరూ చదవరు కాబట్టి మొదటి సెమిస్టర్‌లో సీబీఎస్ఈ నుంచి వచ్చినవాళ్ల కన్నా వెనకబడకుండా ఉండటానికి అవి చాలు. ఆ రెండూ చదివాక బోర్ కొడితే, ఆ సంగతి ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది.

4. డిగ్రీలో ఏం పట్టించుకోవాలి

మనసు చదివే విద్య నేర్పుతారనుకుని వచ్చినవాళ్లకు మొదటి షాకు గణాంకశాస్త్రం. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-టెస్ట్, అనోవా... హెచ్ఈసీ పిల్లలు ఇక్కడే బెంబేలెత్తుతారు. పదో తరగతి లెక్కలు వస్తే ఇవి వస్తాయి. హాస్టల్లో ఇరవై మందిని రోజూ ఎన్ని గంటలు నిద్రపోతున్నారో, ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులొచ్చాయో అడిగి రాసుకోండి. ఆ రెండింటికీ ఉన్న సంబంధాన్ని ఒకసారి చేత్తో లెక్కకట్టండి. తర్వాత జమోవి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే లెక్క వేయండి. రెండు జవాబులూ కలిసిన రోజున భయం సగం పోతుంది. సైకాలజీలో గణాంకాలు వచ్చినవాళ్లకు ఏ రంగంలోనైనా చోటుంటుంది, రానివాళ్లు పీజీ డిసర్టేషన్‌కు డబ్బిచ్చి లెక్కలు వేయించుకుంటారు.

రెండోది ప్రయోగాలు. విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టిన దగ్గర్నుంచే ఈ సబ్జెక్టు తత్వశాస్త్రం నుంచి విడివడిందని మీ మొదటి పాఠంలోనే చెబుతారు. మన దేశంలో సైకాలజీ విభాగం మొదట కలకత్తా విశ్వవిద్యాలయంలో, 1916లో మొదలైంది. మీరు చేసే ప్రయోగాలు చిన్నవే: ముల్లర్-లయర్ భ్రమలో రెండు సమాన గీతల్లో ఒకటి ఎంత పొడవుగా కనిపిస్తుందో మిల్లీమీటర్లలో కొలవడం, అర్థంలేని అక్షరాలు గుర్తుపెట్టుకోవడం, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం. సీనియర్ రికార్డు తెచ్చుకుని అంకెలు దించేసే ఆచారం ప్రతి కాలేజీలోనూ ఉంది. దించకండి. నిజంగా చేస్తే అంకెలు పుస్తకంలో ఉన్నట్టు రావు. ఎందుకు రాలేదో రాసిన రెండు వాక్యాలే మీరు నేర్చుకున్న సైకాలజీ.

మూడోది భాష. పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి ఏడాది దాని మీద కష్టపడాల్సిందే. కానీ రేపు మీ ఎదురుగా కూర్చునే మనిషి "నాకు డిప్రెషన్" అని చెప్పుకోడు. తల బరువు, గుండె దడ, ఒళ్లంతా మంటలు, నరాల బలహీనత, ఎవరో చేతబడి చేశారు... ఇలా చెబుతాడు. ఊళ్లో పెద్దవాళ్లు, ఆర్ఎంపీ దగ్గరికి వచ్చేవాళ్లు తమ బాధను ఏ మాటల్లో చెబుతారో వినండి, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇక్కడ వెనకబడతారు.

ఇంకో మాట: రెండో సెమిస్టర్ చదువుతూ చుట్టాల పెళ్లికి వెళ్లి పిన్ని కొడుకును చూసి "వీడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, అతి చురుకుతనపు సమస్య)" అనకండి. కాలేజీ ల్యాబ్‌లోని బుద్ధి పరీక్షలు ఇంటికి తెచ్చి తమ్ముళ్లకు పెట్టకండి. ప్రశ్నలు బయటికి పొక్కిన పరీక్ష ఆ తర్వాత ఎవరికీ పనికిరాదు.

5. ఇంటర్న్‌షిప్

మూడు వేలు కడితే వారంలో సర్టిఫికెట్ పంపే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లు బోలెడు. ఇంటర్వ్యూలో వాటిని చూసి నవ్వుతారు, అంతే. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ మేధో వైకల్యాల సంస్థ నీపిడ్ లాంటి చోట్ల కొన్ని వారాలు ఉండగలిగితే అది వేరు. కాలేజీ లెటర్‌హెడ్ మీద విభాగాధిపతి సంతకంతో దరఖాస్తు తీసుకుని స్వయంగా వెళ్లండి. ఈమెయిల్ పంపి ఎదురుచూస్తే సెలవులు అయిపోతాయి. డిగ్రీ విద్యార్థిని కౌన్సెలింగ్ చేయనివ్వరు, చేయకూడదు కూడా. మీరు చూసేది కేసు హిస్టరీ ఎలా తీసుకుంటారు, రోగి వెంట వచ్చిన తల్లితో ఎలా మాట్లాడతారు, ఏం అడగరు అన్నది. అక్కడ చూసినవి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది.

ఆసుపత్రి దొరకకపోతే సికింద్రాబాద్‌లోని రోష్ని లాంటి హెల్ప్‌లైన్లు స్వచ్ఛంద సేవకులకు వినడం నేర్పుతాయి. సలహా ఇవ్వకుండా ఇరవై నిమిషాలు వినడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది.

6. పీజీ

ప్రవేశ పరీక్షలివి: తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. ఉస్మానియా, తిరుపతి శ్రీ వేంకటేశ్వర, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో పాత విభాగాలున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ విభాగానికో చిత్రమైన చరిత్ర ఉంది: 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావు అక్కడ పరామనోవిజ్ఞానానికే, అంటే టెలిపతీ లాంటి అతీంద్రియ విషయాల అధ్యయనానికే, ప్రత్యేక విభాగం పెట్టారు. ప్రపంచంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనసు, మెదడు, కంప్యూటర్ కలిసే చోట ఆసక్తి ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎంఎస్సీ చూడండి. అక్కడికి ఇంజినీరింగ్ చేసినవాళ్లు కూడా వస్తారు.

క్లినికల్ లక్ష్యమైతే పైన రెండో భాగంలో చెప్పిన ఆర్‌సీఐ జాబితా ఇక్కడ మళ్లీ తెరవాలి. మామూలు ఎంఏలో చేరి తర్వాత సై.డి.కి వెళ్తారా, నేరుగా ఆర్‌సీఐ గుర్తించిన ఎంఏ క్లినికల్‌లో చేరతారా అన్న నిర్ణయం ఈ దశలోనే జరగాలి.

7. ఉద్యోగాలు

ప్రస్తుతం ఎక్కువ కదలిక విద్యాసంస్థల్లో ఉంది. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలంది. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు, కోచింగ్ హాస్టళ్లు అన్నీ దీని కిందికి వస్తాయి. ఉద్యోగం ఇస్తామంటే మాత్రం చేరేముందు అడగాల్సినవి ఉన్నాయి. తలుపు మూసుకుని మాట్లాడటానికి గది ఇస్తారా? పిల్లలు చెప్పింది ప్రిన్సిపాల్‌కు చెప్పాలని ఒత్తిడి తెస్తారా? అడ్మిషన్ల సీజన్‌లో మిమ్మల్ని ఇంటింటికీ ప్రచారానికి పంపుతారా? మూడో ప్రశ్న నవ్వులాటకు రాయలేదు.

ప్రభుత్వం వైపు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఉంటుంది. 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్‌లో కౌన్సెలర్లు, మహిళలకు సహాయమందించే సఖి కేంద్రాల్లో, జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో కౌన్సెలర్లు, కుటుంబ న్యాయస్థానాల్లో కౌన్సెలర్లు ఉంటారు. ఎక్కువ భాగం కాంట్రాక్టు కొలువులు, జీతం ఆలస్యం కావచ్చు. అయినా తొలి రెండేళ్లలో అక్కడ చూసినన్ని కేసులు ప్రైవేటు క్లినిక్‌లో పదేళ్లకూ చూడరు.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ల ఎంపికకు సహజ సామర్థ్య (ఆప్టిట్యూడ్) పరీక్ష పెడతారు, సైన్యం ఆఫీసర్ల ఎంపికలో రెండో రోజు సైకాలజీ పరీక్షలుంటాయి. వాటిని తయారుచేసే, దిద్దే పోస్టులున్నాయి కానీ చాలా కొద్ది. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ చూస్తూ ఉండండి.

కంపెనీల్లో నియామకాలు, శిక్షణ, ఉద్యోగుల సంక్షేమం పాత దారి. యాప్‌ను మనుషులు ఎలా వాడుతున్నారో, ఎక్కడ తికమకపడుతున్నారో గమనించే యూఎక్స్ పరిశోధన కొత్త దారి. హైదరాబాద్‌లో దీనికి గిరాకీ ఉంది, గణాంకాలూ ఇంటర్వ్యూ చేసే నేర్పూ రెండూ వచ్చినవాళ్లకు. డబ్బు ముఖ్యమైతే ఇటు రండి. కౌన్సెలింగ్‌లో మొదటి జీతం మీ ఇంజినీరింగ్ స్నేహితులతో పోల్చుకుంటే బాధ కలిగించేంత తక్కువే ఉంటుంది, ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

కాలేజీలో బోధనకు యూజీసీ నెట్ లేదా రాష్ట్ర సెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. నెట్‌లో జేఆర్ఎఫ్ కూడా వస్తే పీహెచ్‌డీ తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్. విదేశాలంటారా, అమెరికాలో సైకాలజిస్టు పేరుతో ప్రాక్టీసు చేయాలంటే మామూలుగా డాక్టరేటు, ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు రెండూ కావాలి. మామూలు మాస్టర్స్‌కు అప్పుచేసి వెళ్తే అక్కడా ఈ రిజిస్ట్రేషన్ గోడే ఎదురవుతుంది.

8. సొంతంగా ప్రాక్టీసు పెట్టాలంటే

మొదటి రెండు మూడేళ్లు మీకన్నా అనుభవమున్న సైకాలజిస్టు పర్యవేక్షణలోనే చేయండి, అందుకు ఫీజు కట్టాల్సి వచ్చినా సరే. బోర్డు మీద, రిపోర్టుల మీద రిజిస్ట్రేషన్ నంబరు రాయండి. డాక్టరేటు లేకుండా పేరు ముందు డాక్టర్ పెట్టకండి. మూడు నెలల హిప్నాటిజం డిప్లొమాలను, చేతిరాత చూసి వ్యక్తిత్వం చెప్పే సర్టిఫికెట్లను ఫ్రేము కట్టి గోడకు తగిలించకండి. దగ్గర్లో ఉన్న ఒక సైకియాట్రిస్టుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆత్మహత్య ఆలోచనలతో వచ్చినవాళ్లను, ఎవరికీ వినిపించని మాటలు తమకు వినిపిస్తున్నాయనేవాళ్లను ఏ రోజు, ఏ సమయంలో అక్కడికి పంపాలో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఫీజు మొదటిరోజే చెప్పండి, రశీదు ఇవ్వండి, కేసు ఫైళ్లను తాళం వేసిన బీరువాలో పెట్టండి.